జైలుకు పోని శిక్షకు లెక్క అడిగేదెవరు?

కోవూరు దాటి విడవలూరు వైపు పోతే రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల చెరువులే. ఒక చెరువు గట్టు మీద నుంచి, నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్ మోటారు మాయమైందని అనుకుందాం. పాత ఇనుప సామాన్ల కొట్టులో అది దొరికింది, అమ్మినవాడూ దొరికాడు. వయసు పందొమ్మిది. అంతకు ముందు ఏ కేసూ లేదు. విచారణ జరిగి నేరం రుజువైంది. మేజిస్ట్రేటు అతన్ని జైలుకు పంపలేదు. మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని, ఏడాదిపాటు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉండాలని ఉత్తర్వు ఇచ్చి ఇంటికి పంపారు. ఊళ్లో మాత్రం ఒకటే మాట: "కేసు కొట్టేశారట." చెరువు రైతు మండిపడతాడు, కుర్రాడి తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. ఇద్దరూ పొరబడ్డారు. కేసు కొట్టేయలేదు. నేరం రుజువైంది, శిక్ష విధించడమే వాయిదా పడింది. కుర్రాడు మాట తప్పితే కోర్టు మళ్లీ పిలిచి ఆ శిక్ష వేస్తుంది.

జైలు సంగతి అందరికీ తెలుసు. నెల్లూరు వాళ్లకు చెముడుగుంట కేంద్ర కారాగారం తెలుసు, ఒంగోలు వాళ్లకు జిల్లా జైలు తెలుసు. పేరున్న నాయకుడు ఎవరైనా లోపలికి పోయిన రోజు గేటు ముందు కెమెరాల జాతర. గోడ ఉన్న శిక్షకు కాపలా కూడా కనబడుతుంది. గోడ లేని శిక్షకు కాపలా ఎవరో కనబడరు కాబట్టి అసలు లేదనుకుంటాం. చట్టంలో మాత్రం ఆ పేరు స్పష్టంగా రాసి ఉంది.

1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం చిన్నది, పందొమ్మిది సెక్షన్లే. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలు కానివాటిలో, నేరం తీరునూ మనిషి నడవడినీ చూసి కోర్టు అతన్ని బాండు మీద విడిచిపెట్టవచ్చని 4వ సెక్షన్ చెబుతుంది. బాండు మూడేళ్లకు మించకూడదు. పర్యవేక్షణ ఉత్తర్వు వేస్తే అది ఏడాదికి తగ్గకూడదు. నేరస్తుడి వయసు 21 లోపైతే 6వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: జైలు తప్పదని కోర్టు నమ్మితే తప్ప, ఆ నమ్మకానికి కారణాలు రాస్తే తప్ప, జైలుకు పంపకూడదు. అలా నమ్మే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని తీరాలి. మన చెరువు కుర్రాడికి 19 కనుక అతని విషయంలో నివేదిక కోర్టు దయ మీద ఆధారపడిన సంగతి కాదు, చట్టం పెట్టిన నిబంధన.

ఆ నివేదిక కోసం అధికారి చేసే పనిని దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ చట్టం ప్రాణమంతా అందులోనే ఉంది. ఆయన ఆ ఊరు పోవాలి. ఇల్లు చూడాలి. "అమ్మా, మీ అబ్బాయి ఇప్పుడు ఏ పనికి పోతున్నాడు? రాత్రిళ్లు ఇంటికి వస్తున్నాడా? అప్పులేమైనా ఉన్నాయా?" అని తల్లిని అడగాలి. చెరువు దగ్గర జీతానికి పెట్టుకున్న ఆసామిని అడగాలి. తాగుడు ఉందా, ఏ స్నేహాల్లో తిరుగుతున్నాడు, చదువు ఎక్కడ ఆగింది, బాండుకు జామీను ఉండేవాళ్లున్నారా అని కనుక్కోవాలి. పంచాయతీ కార్యాలయం మెట్ల మీద కూర్చున్న నలుగురు చెప్పేదీ వినాలి, అందులో ఎంత నమ్మాలో తెలిసి ఉండాలి. ఒకరికి పొలం గట్టు తగాదా ఉంటుంది, ఇంకొకరికి కులం పట్టింపు ఉంటుంది. ఇంతా చేసి రాసిన నివేదిక రహస్యం. 7వ సెక్షన్ అలాగే అంటుంది. కోర్టు తలచుకుంటే అందులోని సారాంశం నేరస్తుడికి చెప్పి, అతని జవాబు వినవచ్చు.

ఉత్తర్వు వచ్చాక అధికారి పని ఇంకా పెరుగుతుంది. 14వ సెక్షన్ ప్రకారం ఆయన ఆ కుర్రాడి మీద కన్నేసి ఉంచడంతో సరిపోదు, అవసరమైన చోట తగిన పని వెతికిపెట్టే ప్రయత్నం కూడా చేయాలి. 5వ సెక్షన్ కింద కోర్టు చెరువు రైతుకు నష్టపరిహారం ఇమ్మంటే, ఆ డబ్బు కట్టడానికి కుర్రాడికి సలహా, సాయం అందించాలి. షరతు తప్పితే కోర్టుకు రెండు దారులు: మొదటి నేరానికి శిక్ష వేయడం, లేదా తొలి తప్పుగా చూసి బాండు కొనసాగిస్తూ 50 రూపాయలకు మించని జరిమానా వేయడం. అవును, 50 రూపాయలే. 1958లో అది కూలివాడికి చాలా రోజుల సంపాదన. ఇప్పుడు కోవూరు నుంచి కోర్టుకు వచ్చి పోయే ఛార్జీలకు సరిపోతుందేమో. ఈ అంకెను సవరించాలని ఎవరికీ తోచకపోవడం చూస్తేనే ఈ చట్టం ఎంత మూలన పడి ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇన్ని పనులున్న ఆ అధికారి పని చేస్తున్నాడో లేదో చూసేదెవరు? 13వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఒక్క వాక్యంలో చెబుతుంది: ప్రొబేషన్ అధికారి తన విధుల్లో, నేరస్తుడు ప్రస్తుతం నివసిస్తున్న జిల్లా మేజిస్ట్రేటు అదుపులో ఉండాలి. మన దగ్గర జిల్లా మేజిస్ట్రేటు అంటే కలెక్టరే. చట్టం ఆ బాధ్యతను ఎస్పీకి ఇవ్వలేదు, జైలు సూపరింటెండెంటుకూ ఇవ్వలేదు. రేషన్ కార్డు దగ్గర నుంచి తుపాను దాకా అన్నీ చూసే కలెక్టరుకే ఇచ్చింది.

"ప్రస్తుతం నివసిస్తున్న" అన్న చోట కాస్త ఆగాలి. చెరువు కుర్రాడికి ఆ పని పోయింది, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో కుదిరాడు. కేసు నెల్లూరు జిల్లాలో నడిచింది, బాండు అక్కడే రాశాడు, ఇప్పుడు ఉంటున్నది ప్రకాశం జిల్లాలో. నివాసం మారిందంటే అదుపు కూడా ఒంగోలు కలెక్టరుకు మారాలి. కాగితం మీద ఇది చక్కగా ఉంది. కానీ చీమకుర్తిలో అద్దె గదిలో నలుగురితో కలిసి ఉంటున్న ఒక కుర్రాడి దస్త్రం ఒక కలెక్టరేటు నుంచి ఇంకో కలెక్టరేటుకు చేరిందా అని చూసే బాధ్యత ఎవరి రోజువారీ పనిలోనూ భాగం కాకపోతే, అది చేరదు. మన రెండు జిల్లాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ మనుషులే కాదు, సరిహద్దు గీతలు కూడా కదులుతాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు నుంచి అటు పోయాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. కందుకూరులో ఇల్లు కదలని మనిషికి కూడా జిల్లా మేజిస్ట్రేటు మారిపోయాడు.

కలెక్టరుది అదుపు సరే, జీతం ఇచ్చే శాఖ ఏది? ఇక్కడ ముడి బిగుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో జైళ్లు హోం శాఖ కింద ఉన్నాయి. ప్రొబేషన్ మాత్రం జువైనల్ వెల్ఫేర్, కరెక్షనల్ సర్వీసెస్ శాఖ పరిధిలోది. అది మహిళా శిశు సంక్షేమ విభాగం కిందకు వస్తుంది. అంటే పెద్దవాళ్లకు ప్రొబేషన్ చూసే శాఖే చట్టంతో ఘర్షణపడిన పిల్లల వ్యవహారాలూ చూస్తుంది. ఆ పిల్లల చట్టంలో, 2015 బాల న్యాయ చట్టంలో, జువైనల్ జస్టిస్ బోర్డులు, గడువులు, తనిఖీలు అన్నీ ఉన్నాయి. 2021 సవరణ తర్వాత కలెక్టరుకు బోర్డు నుంచి సమాచారం తెప్పించుకునే అధికారం కూడా వచ్చింది. అడిగేవాళ్లున్న పని ముందు జరుగుతుంది, అడిగేవాళ్లు లేని పని వెనకబడుతుంది. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా ఇంతే. పెద్దవాళ్ల ప్రొబేషన్ ఆ రెండో వరసలో నిలబడింది.

సోమవారం నెల్లూరు కలెక్టరేటులో తిక్కన ప్రాంగణం కిటకిటలాడుతుంది. పింఛను ఆగిందని, పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిందని, పక్కింటివాడు దారి మూసేశాడని అర్జీలు. అర్జీ ఇచ్చేవాడు ఎదురుగా నిలబడతాడు కాబట్టి అధికారికి తప్పదు. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి మాత్రం "నన్ను పర్యవేక్షించడానికి ఎవరూ రావడం లేదు" అని అర్జీ పెట్టడు. మోటారు పోగొట్టుకున్న రైతుకు అలా అడగవచ్చని తెలియదు. అర్జీ రాదు కాబట్టి సమీక్షా జరగదు.

మరి జైలు బయట ఉన్న నిందితుల మీద, నేరస్తుల మీద ఎవరి కన్నూ లేదా అంటే, ఉంది. పోలీసుది. ఆదివారం ఉదయం ఏ స్టేషనుకైనా పోయి చూడండి. ఒక పక్క బెయిలు మీద ఉన్నవాళ్లు సంతకం పెట్టడానికి వచ్చి నిలబడి ఉంటారు. "ప్రతి ఆదివారం 10 గంటల నుంచి 5 లోపు స్టేషను అధికారి ముందు హాజరై సంతకం చేయాలి" అన్నది బెయిలు ఉత్తర్వుల్లో అలవాటైపోయిన వాక్యం. ఇంకో పక్క రౌడీషీట్లు ఉన్నవాళ్లను వరసగా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ అంటారు. మరుసటి రోజు పేపర్లో ఫొటో వస్తుంది. సీఐ గారు వేలు చూపిస్తూ మాట్లాడుతుంటారు, వాళ్లు తల దించుకుని ఉంటారు. ప్రజలు నేరస్తుల పర్యవేక్షణ అంటే ఇదే అనుకుంటారు. ఇందులో మొదటిది కోర్టు షరతు, నేరం ఇంకా రుజువు కానివాళ్లకు. రెండోది పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం పోలీసులే తెరిచే పుస్తకం. దానికి కోర్టు తీర్పు తప్పనిసరి కాదు. నేరం రుజువై కోర్టు వేసిన పర్యవేక్షణ మాత్రం ఈ రెండింటిలో ఏదీ కాదు. అది ప్రొబేషన్ అధికారిది, ఆయన ఫొటో ఏ పేపర్లోనూ కనబడదు.

ఇక బైండోవర్. ఎన్నికలు వస్తే ఈ మాట మారుమోగుతుంది. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 126వ సెక్షన్ కింద శాంతిభద్రతలకు భంగం కలిగిస్తారనుకునేవారి నుంచి ఏడాది వరకు, 129 కింద అలవాటుపడిన నేరస్తుల నుంచి మూడేళ్ల వరకు బాండు రాయించుకోవచ్చు. రాయించుకునేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే చాలా చోట్ల తహశీల్దారు. ఉదయం కుల ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేసిన చేయే మధ్యాహ్నం బైండోవర్ ఉత్తర్వు మీదా సంతకం చేస్తుంది. ఆయనకు పైన ఉన్నదీ జిల్లా మేజిస్ట్రేటే. కాబట్టి కలెక్టరు కింద రెండు రకాల పర్యవేక్షణ ఉంది: నేరం రుజువైనవాడిని బాగుచేయమని కోర్టు అప్పగించినది ఒకటి, నేరం చేస్తాడేమోనన్న అనుమానంతో కట్టడి చేసేది ఇంకొకటి. రెండోదానికి పోలీసు నివేదిక, తహశీల్దారు, రిజిస్టరు, ఎన్నికల వేళ రోజువారీ లెక్క, అన్నీ ఉన్నాయి. మొదటిదానికి ఒక అధికారి ఉన్నాడు. నా ఫిర్యాదు ఇక్కడే. మార్చడానికి సాయపడే చట్టాన్ని ఒంటరిగా వదిలేసి, అనుమానించే యంత్రాంగానికి మాత్రం కావలసినంత మందిని ఇచ్చాం.

అనుమానం మీద నడిచే పర్యవేక్షణకు కోర్టులు అప్పుడప్పుడు కళ్లెం వేశాయి. రాత్రిపూట ఇంటికి పోయి తలుపు కొట్టి తనిఖీ చేసే ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనను 1962లోనే ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 మేలో ఢిల్లీకి చెందిన ఒక హిస్టరీషీట్ (అనుమానితుల మీద పోలీసులు తెరిచే పుస్తకం) కేసులో అదే కోర్టు, వెనుకబడిన వర్గాలవాళ్ల పేర్లు, ఎస్సీ, ఎస్టీల పేర్లు యాంత్రికంగా ఈ పుస్తకాల్లోకి ఎక్కకుండా చూడాలని, నిర్ణీత కాలానికి ఒకసారి పై అధికారి వాటిని తనిఖీ చేసే ఏర్పాటు ఉండాలని అన్ని రాష్ట్రాలకూ సూచించింది. 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో, బెయిలు మీద ఉన్నవాడు తాను ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు ఫోనులో గూగుల్ మ్యాపు పిన్ ద్వారా దర్యాప్తు అధికారికి చూపిస్తూ ఉండాలన్న షరతు చెల్లదంది. ఫోనే కాపలాదారు అయిపోతున్న రోజుల్లో ఈ తీర్పును మన మేజిస్ట్రేటు కోర్టుల్లో వకీళ్లు ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

ఈ ప్రాంతానికి పర్యవేక్షణ కొత్త కాదు. 1871లో పుట్టిన నేరస్త జాతుల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు ఎరుకలవారి కోసం సెటిల్మెంటు నడిపారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప కూడా అలాంటి సెటిల్మెంటే. అక్కడివారు ఏ నేరం చేశారని ఎవరూ నిరూపించనక్కర్లేదు. ఫలానా కులంలో పుట్టడమే చాలు. వేలిముద్రలు, పేర్ల జాబితా, నిర్ణీత వేళల్లో హాజరు, ఊరు దాటాలంటే చెప్పి పోవడం. పైగా ఆ చట్టం గ్రామ పెద్దల మీద, తలారుల మీద, భూస్వాముల మీద ఒక విధి పెట్టింది: నమోదైనవాడు హాజరు కాకపోయినా, చెప్పకుండా ఊరు వదిలినా పోలీసుకు కబురు చేయాలి. స్థానిక పాలనకు నేరస్తుల పర్యవేక్షణలో దక్కిన పాత్ర అప్పట్లో ఇది, వేగు పాత్ర. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం బతుకంతా పనిచేస్తూ ఈ చట్టం మీద పోరాడారు. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న అది పోయింది. వెళ్లిపోతూ అలవాటు నేరస్తుల చట్టాలను వారసత్వంగా ఇచ్చి పోయింది. ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని చెబుతూ, విముక్త జాతులవారిని, అంటే ఆ పాత చట్టం ముద్ర నుంచి బయటపడినవారిని, పుట్టుకతోనే అలవాటు నేరస్తులుగా చూసే ధోరణిని కూడా తప్పుపట్టింది.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, "పర్యవేక్షణ పంచాయతీకి అప్పగిస్తే పోలా" అనేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఊరికి దగ్గరగా ఉండేవాడికి మనిషి బాగా తెలుస్తాడు, నిజమే. ఊరి పగలు కూడా అతనికే ఎక్కువ తెలుసు. సర్పంచి ఎన్నికలో ఓడిన వర్గం కుర్రాడు బాండు మీద ఉన్నాడనుకోండి, అతని నడవడి మీద నివేదిక గెలిచిన వర్గం చేతికి ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రాజ్యాంగం కూడా ఆ దారి పెట్టలేదు. ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 4వ అంశం జైళ్లు, సంస్కరణాలయాలు, 5వ అంశం స్థానిక పాలన. పక్కపక్కనే ఉంటాయి, కానీ మధ్యలో తలుపు లేదు. 73వ సవరణతో పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాల్లో చిన్న నీటిపారుదల నుంచి స్త్రీ శిశు సంక్షేమం దాకా ఉన్నాయి, నేరస్తుల సంస్కరణ లేదు. అమెరికాలో సంగతి వేరు. మిన్నెసోటా రాష్ట్రం 1973లోనే ఈ పనిని కౌంటీలకు నిధులతో సహా అప్పగించే చట్టం చేసింది. కాలిఫోర్నియా 2011లో తక్కువ తీవ్రత నేరాలు చేసినవారి బాధ్యతను కౌంటీలకు బదలాయించింది. అక్కడ ముఖ్య ప్రొబేషన్ అధికారి అధ్యక్షతన జడ్జి, షెరీఫు, ప్రాసిక్యూటరు, ప్రభుత్వ డిఫెన్సు వకీలు వంటివారు కూర్చుని ప్రణాళిక రాస్తారు, అది ఎన్నికైన కౌంటీ బోర్డు ముందుకు పోతుంది. వారిలో ఒకరు నేరస్తుడి తరఫున మాట్లాడేవాడు ఉండటం, లెక్క బహిరంగ సభలో చదవడం నాకు నచ్చిన సంగతులు. ఆ పద్ధతిని తెచ్చి మన మండల పరిషత్తులకు తగిలించమని చెప్పను. మన పరిషత్తుల చేతిలో ఆ నిధులూ లేవు, ఆ సిబ్బందీ లేరు.

అయితే ఇష్టం ఉన్నా లేకపోయినా మున్సిపాలిటీలు, పంచాయతీలు ఈ వ్యవహారంలోకి వచ్చి పడే రోజు వచ్చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను ఒక శిక్షగా చేర్చింది. ఆరు నేరాలకే అది వర్తిస్తుంది. అందులో మామూలు మనిషికి తగిలేవి మూడు: 5,000 రూపాయల లోపు దొంగతనం, అదీ తొలిసారి దోషిగా తేలి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చినప్పుడు, తాగి బహిరంగ ప్రదేశంలో గొడవ చేయడం, పరువు నష్టం. సమాజానికి మేలు చేసే పని, కూలి లేకుండా, కోర్టు ఆదేశం మీద చేయాలని సురక్షా సంహిత 23వ సెక్షన్ వివరణ చెప్పి ఊరుకుంది. ఎన్ని గంటలు, ఎవరి ముందు, హాజరు ఎవరు వేయాలి, రాకపోతే ఎవరు కోర్టుకు చెప్పాలి అన్నది ఆ సెక్షన్ చెప్పలేదు. విశాఖలో తాగి బండి నడిపినవాళ్లతో కోర్టు బీచ్ శుభ్రం చేయించిన వార్త చదివి చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ చెత్త సంచులు లెక్కపెట్టింది ఎవరా అన్న ఆలోచన వచ్చింది.

నెల్లూరులో రొట్టెల పండుగ అయిపోయిన మరునాడు స్వర్ణాల చెరువు గట్టు ఊహించుకోండి. లక్షల మంది వచ్చి పోయిన చోటు. ట్రంకు రోడ్డులో తాగి గొడవ చేసినవాడిని మేజిస్ట్రేటు అక్కడ రెండు రోజులు పని చేయమన్నారు. తెల్లవారుజామున కార్పొరేషన్ కార్మికులు మస్టరు దగ్గర చేరతారు. వాళ్ల హాజరు యాప్‌లో ముఖం చూపించి పడుతుంది. ఇతను ఆ జాబితాలో ఉండడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒక తెల్ల కాగితం మీద "వచ్చాడు, చేశాడు" అని రాసి ఇస్తే కోర్టు నమ్మాలా? గాజు పెంకు గుచ్చుకుంటే వైద్యం ఎవరిది? డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి దిగమనకూడదు, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా ఎవరినీ అలా దింపడానికి వీల్లేదు, ఆ సంగతి ఆ తెల్లవారుజామున అక్కడున్నవాళ్లకు ఎవరు చెప్పారు? ఫోనులో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే అది కోర్టు వేయని రెండో శిక్ష.

ఇంకో మాట కూడా చెప్పాలి. చీపురు పట్టించడమే శిక్ష అయితే, పక్కనే రోజూ చీపురు పట్టి బతికే మనిషికి మనం ఏం చెబుతున్నట్టు? ఆయన ఉద్యోగం ఇంకొకరికి దండన అని. ఒక కులం కుర్రాడికి ఆసుపత్రిలో చీటీలు రాసే పని, ఇంకో కులం కుర్రాడికి మరుగుదొడ్ల పని వచ్చిందంటే, జైలు లోపల సుప్రీంకోర్టు తప్పన్నదే జైలు బయట మొదలైనట్టు. ఒంగోలు సర్వజన ఆసుపత్రిలో రోగులను వీల్‌చైర్‌లో తీసుకుపోవడం, బడి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోయడం, ఇలాంటి పనుల జాబితా ముందే తయారై, దాన్ని కౌన్సిల్ బహిరంగంగా ఆమోదించి జిల్లా జడ్జికి ఇస్తే సగం గొడవ తీరుతుంది. అది కౌన్సిల్ చేయగల పని. మనిషిని తూకం వేయడం దాని పని కాదు, పనిని సిద్ధం చేసి హాజరు నిజాయతీగా వేయడం దాని పని.

జిల్లాలో లెక్క అడిగే వేదికలు అసలు లేవని కాదు. విచారణ ఖైదీల సమీక్షా కమిటీలో జిల్లా జడ్జి అధ్యక్షులు, కలెక్టరు, ఎస్పీ సభ్యులు. దేశంలో ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలేనని 2022 జైలు గణాంకాలు చెబుతున్నాయి కనుక ఆ కమిటీ విలువ చిన్నది కాదు. బెయిలు వచ్చినా జామీను లేక లోపలే ఉండిపోయేవారి సంగతి తేల్చడానికి 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, ఖైదీ ఆర్థిక స్థితి కనుక్కోవడానికి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ప్రొబేషన్ అధికారుల సాయం తీసుకోవచ్చని ఉంది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సాయం పథకంలో విచారణ ఖైదీకి, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి డబ్బు సాయం ఇచ్చేందుకు జిల్లా కమిటీ ఉంది, అందులోనూ కలెక్టరు ఉన్నారు. ఇవన్నీ జైలు లోపల ఉన్నవారి గురించి. అదే గదిలో, అదే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఇంకో పావుగంట ఉండి, బాండు మీద బయట ఉన్నవారి పట్టిక చూస్తే 13వ సెక్షన్ బతుకుతుంది. ఏ జీవో కోసమూ ఆగనక్కర్లేదు.

జిల్లా పరిషత్తుకు కూడా ఒక దారి ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం దానికి ఏడు స్థాయీ సంఘాలు. స్త్రీ శిశు సంక్షేమం చూసే సంఘం ముందుకు ఆ విభాగం అధికారులు వస్తారు. ప్రొబేషన్ శాఖ ఆ గొడుగు కిందే ఉంది. జడ్పీటీసీ సభ్యులు అంగన్‌వాడీ గుడ్ల గురించి అడిగాక ఈ సంగతీ అడగవచ్చు. వ్యక్తుల పేర్లు అడగకూడదు, నివేదికలు రహస్యం. అంకెలు అడగవచ్చు: గత ఏడాది జిల్లా కోర్టులు ఎంతమందికి పర్యవేక్షణ ఉత్తర్వు ఇచ్చాయి, 21 లోపు వారి విషయంలో ఎన్ని నివేదికలు కోరాయి, ఎన్ని గడువులో అందాయి, ఒక్కో అధికారి చేతిలో ఎన్ని దస్త్రాలున్నాయి, ఎంతమంది జిల్లా మారారు, వారి దస్త్రాలు మారాయా, పని దొరికినవాళ్లు ఎందరు, నష్టపరిహారం చేతికందిన బాధితులు ఎందరు.

అడిగే సభ్యుడు దొరకకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. ఒక దరఖాస్తు జిల్లా ప్రొబేషన్ అధికారి కార్యాలయానికి పైన చెప్పిన అంకెల కోసం, ఇంకొకటి కలెక్టరు కార్యాలయానికి ఒకే ప్రశ్నతో పెట్టవచ్చు: 1958 చట్టం 13(3) కింద జిల్లా మేజిస్ట్రేటు గత మూడేళ్లలో జరిపిన సమీక్షల తేదీలు, మినిట్స్ ప్రతులు ఇవ్వగలరు. సమీక్షలు జరగలేదని రాసిచ్చినా అది పనికొచ్చే పత్రమే, జడ్పీ సమావేశంలో చదవడానికి.